బొమ్మ కింద పేరెవరిది?
ఉత్తరాంధ్ర బడుల్లో చిన్నపిల్లల డ్రాయింగు క్లాసు గురించి కొంత చరిత్ర, కొంత అనుభవం

శ్రీకాకుళానికి దగ్గరలో ఒక పేటలో కొన్నాళ్ళపాటు ఆదివారాలు చిన్నపిల్లలకు బొమ్మల క్లాసు నడిపాను. అయిదేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ లోపు గుంటలు. మొదటి ఆదివారం తలా ఒక కాయితం ఇచ్చి "మీ ఇల్లు గీయండర్రా" అన్నాను. ఇరవై మంది దాకా గీశారు. ఇరవై కాయితాల మీదా ఒకటే ఇల్లు. వాలు కప్పు, నడిమిన తలుపు, అటొక కిటికీ ఇటొక కిటికీ. వెనక రెండు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, కొండల్లోంచి ఇంటి ముందుకు దిగే ఏరు, ఒడ్డున కొబ్బరి చెట్టు. ఆ పేటలో అలాంటి ఇల్లు ఒక్కటీ లేదు. ఉన్నవి కాలనీ స్లాబు గదులు, రెండు మూడు తాటాకు పాకలు, గట్టు మీద బోరింగు. "ఇది మీ ఇల్లేనా?" అని అడిగితే ఒక పిల్ల నన్ను జాలిగా చూసింది. "మా ఇల్లేటి బొమ్మకి బాగుంటాది మేస్టారూ?" అంది.

ఆ పిల్లకి ఏడేళ్ళు. తన ఇల్లు బొమ్మకి పనికిరాదని అప్పటికే తెలిసిపోయింది. ఎవరు చెప్పారు? ఇంట్లో చెప్పి ఉండరు. బళ్ళో కూడా ఎవరూ నోరు తెరిచి చెప్పి ఉండరు. ఎవరూ చెప్పకుండానే అంత గట్టిగా ఎక్కిన పాఠం వెనక చరిత్ర ఉండి తీరుతుంది. ఈ వ్యాసం ఆ చరిత్రను వెతికే ప్రయత్నం.

నల్లబల్ల వెనక క్యారేజీలు

డ్రాయింగు గురించి మాట్లాడే ముందు పలక, బలపం, నల్లబల్ల గురించి మాట్లాడాలి. గీయడానికి ముందు గీసే చోటు కావాలి. మనవాళ్ళకు శతాబ్దాలపాటు దొరకనిది ఆ చోటే.

ధనంజయ్ కీర్ రాసిన అంబేడ్కర్ జీవిత చరిత్రలో ఒక సంఘటన ఉంది. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో మాస్టారు అంబేడ్కర్‌ని లెక్క చెయ్యడానికి నల్లబల్ల దగ్గరికి పిలిచాడు. క్లాసంతా గోల. సవర్ణ పిల్లల క్యారేజీలు నల్లబల్ల వెనక ఉన్నాయి. అతను బల్లని తాకితే అన్నం మైలపడుతుందని వాళ్ళ భయం. అతను బల్ల దాకా వెళ్ళక ముందే పిల్లలు పరుగెత్తి క్యారేజీలు తీసి పక్కన పడేశారు. అంతకు ముందు చదివిన బడిలో తను కూర్చునే గోనెపట్టా తనే ఇంటి నుంచి తెచ్చుకోవాల్సి వచ్చిందని అంబేడ్కర్ స్వయంగా రాసుకున్నాడు. నల్లబల్ల అంటే మనం చదువు వస్తువు అనుకుంటాం. అది కులం వస్తువు కూడా.

మన ప్రాంతం అప్పుడు మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం, గంజాం జిల్లాల్లో ఉండేది. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. ఇక్కడి పేటల పిల్లలకు పలక మొదట రెండు దారుల్లో వచ్చింది. ఒకటి మిషన్ దారి. బొబ్బిలి, పాలకొండ, శ్రీకాకుళం, టెక్కలి, విజయనగరంలలో కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళు పనిచేశారు. రెండోది సర్కారు దారి. 1920 నుంచి మద్రాసు ప్రభుత్వ లేబర్ శాఖ 'అణగారిన వర్గాల' కోసం బడులు తెరిచింది. మిషన్ బళ్ళో బొమ్మ ఉండేది. సండే స్కూల్లో గోడకు వేలాడేసే బైబిలు బొమ్మల చుట్టలు అవి. కానీ అది చూసే బొమ్మ, గీసే బొమ్మ కాదు. లేబర్ శాఖ బడికి అంత స్తోమతు కూడా లేదు. అక్షరం, అంకె వస్తే అదే పదివేలు. అక్షరం కోసం అంత కొట్లాడాల్సి వచ్చినవాళ్ళం బొమ్మని అడగడం మరిచిపోయాం. ఇది మన ఉద్యమాల లోపం కూడా.

చేతులున్నాయి, పేర్లు లేవు

అలాగని పేటల్లో, కొండల్లో గీత లేదా? ఉంది. ఉత్తరాంధ్రలో గీసే చేతులన్నీ శ్రమ కులాలవీ, ఆదివాసులవీ. గోడకి ఎర్రమట్టి పూసి, సున్నంతో పట్టీలు తీర్చి, పేడతో అలికిన వాకిట్లో పిండితో ముగ్గు పెట్టేది ఆడవాళ్ళు. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన కులాల పుస్తకంలో పైడివాళ్ళను వ్యవసాయ కూలీలుగా, నేతగాళ్ళుగా రాశాడు. అంచులో గళ్ళు లెక్క తప్పకుండా నేసినవాడికి డిజైన్ అంటే ఏమిటో ఒకరు చెప్పాలా? తోలు మీద వంకర లేకుండా చెప్పు కొలత కోసేవాడికి రేఖాగణితం రాదా? కానీ ఇవన్నీ 'పని' అయ్యాయి, 'కళ' కాలేదు. పని చేసినవాడి పేరు ఎవరూ రాసుకోరు.

సవరల గోడ బొమ్మల సంగతి చూద్దాం. ఆదివాసుల అనుభవాన్ని దళితుల అనుభవంలో కలిపేయడం సరికాదని నాకు తెలుసు. అయినా పేరు విషయంలో ఇద్దరికీ జరిగింది ఒకటే. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో, నలగగొట్టిన పుల్లతో సవరలు వేసే బొమ్మల గురించి వెరియర్ ఎల్విన్ 1955లో వచ్చిన తన సవరల పుస్తకంలో వివరంగా రాశాడు. చనిపోయినవాళ్ళ కోసం, జబ్బు తగ్గడం కోసం, పంట కోసం వేస్తారు. అది గోడకి అలంకారం కాదు, ఆత్మకి ఇచ్చే ఇల్లు. అందులో మనుషులు, ఏనుగులు, గుర్రాలతో పాటు సైకిలు, రైలు, తుపాకి పట్టిన జవాను కూడా ఉంటారు. అంటే చూసిన బతుకంతా ఉంటుంది. ఇవాళ అదే బొమ్మ ఆఫీసు గోడల మీదికీ, చేతి సంచుల మీదికీ, ఎగ్జిబిషన్లకీ ఎక్కింది. కింద 'సవర కళ' అని ఉంటుంది. వేసినవాళ్ళ పేరు చాలాసార్లు ఉండదు.

గిడుగు రామమూర్తి కథలో కూడా ఇలాంటి ఖాళీ ఒకటి ఉంది. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో మాస్టారై, సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టిన మనిషి ఆయన. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు తెచ్చాడు. ఆ కాలానికి అది పెద్ద పని. కాదనం. అయితే ఆయన సవర నేర్చుకున్నది ఎవరి దగ్గర? సవర, తెలుగు రెండూ తెలిసిన ఒక దళితుణ్ణి ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడని ఆయన జీవితం రాసినవాళ్ళే చెప్తారు. గురువు అనాల్సిన ఆ మనిషి చరిత్రలో 'ఒక దుబాసి'గా మిగిలాడు. శిష్యుడి పేరు మీద తెలుగు భాషా దినోత్సవం జరుగుతుంది. ఆ గురువు పేరు మన పాఠ్యపుస్తకాల్లో లేదు.

మద్రాసు నుంచి వచ్చిన గీత

బడిలోకి వచ్చిన డ్రాయింగు ఈ చేతుల్లోంచి రాలేదు, మద్రాసు నుంచి వచ్చింది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు మద్రాసులో ఆర్ట్స్ స్కూలు పెట్టాడు. చేతిపనివాళ్ళకు డిజైన్ నేర్పడం దాని ఉద్దేశాల్లో ఒకటి. 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌదరి ఆ స్కూలుకి పెద్ద అయ్యాక తెలుగు జిల్లాల నుంచి చాలామంది వెళ్ళి చదువుకున్నారు. 1919లో పుట్టిన బొబ్బిలివాడు అంట్యాకుల పైడిరాజు వాళ్ళలో ఒకరు. ఆయన తిరిగొచ్చి విజయనగరంలో చిత్రకళ నేర్పాడు. మరోవైపు శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య తండ్రి దగ్గరే తొలి గీతలు నేర్చుకుని చందమామ అట్ట మీదికి ఎక్కాడు. 'వపా' అన్న రెండక్షరాల సంతకం తెలుగు పిల్లలందరికీ తెలుసు. సంతకానికి ఉన్న బలం అది. అయితే చందమామ అట్ట మీద మన పిల్లలు చూసిన మనుషులు రాజులు, మునులు, దేవతలు. ఆ అట్ట చాలా అందమైనది. దానిలో పేట లేదు.

ఊరి బడికి చేరిన డ్రాయింగు ఈ ఇద్దరిదీ కాదు, పరీక్షల డ్రాయింగు. డ్రాయింగు లోయర్, డ్రాయింగు హయ్యర్ అని సర్కారు టెక్నికల్ పరీక్షలున్నాయి. అవి పాసై, వేసవిలో టీటీసీ ట్రైనింగు చేస్తే డ్రాయింగు మాస్టారు కావచ్చు. చూసి గీయడం, కూజా, ఘనం, శంకువు, వాటి నీడలు, జామెట్రీ. మా కుర్రాళ్ళకు ఉద్యోగం తెచ్చిన పరీక్ష ఇది. కనక తేలిగ్గా తీసెయ్యను. కానీ దీని ధోరణి గమనించాలి. నమూనా ముందుంటుంది, చెయ్యి దాన్ని అనుసరించాలి. నమూనాకి దగ్గరైతే మార్కు, దూరమైతే సున్నా. పెద్దపిల్లలకు, ఉద్యోగానికి పెట్టిన ఈ పద్ధతి నెమ్మదిగా ఒకటో తరగతి దాకా దిగింది. మాస్టారు నల్లబల్ల మీద ఇల్లు గీస్తాడు, పిల్లలు దించుతారు. రెండు కొండలు, సగం సూర్యుడు అలా వచ్చినవే. ఏ పుస్తకంలోనూ ఆ బొమ్మ పాఠంగా లేదు. తరం నుంచి తరానికి నల్లబల్ల మీద నడిచి వచ్చింది.

నేను చదివిన హైస్కూల్లో రంగుపెట్టె, డ్రాయింగు పుస్తకం లేకుండా వస్తే ఆ పీరియడంతా వరండాలో నిలబడాలి. రూలు అందరికీ ఒకటే. నిలబడేది మాత్రం ఎప్పుడూ పేట గుంటలమే. ఒకనాడు వరండా గచ్చు మీద బొగ్గుముక్కతో ఎద్దుని గీశాను. మాస్టారు వచ్చి చూసి, బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు. నీళ్ళు తెచ్చి కడగమన్నారు. కడిగాను. ఇది ఆ మాస్టారి మీద ఫిర్యాదు కాదు. ఆయనకు బడిని శుభ్రంగా ఉంచమని ఉత్తర్వు ఉంది. బొగ్గుతో గచ్చు మీద గీసింది డ్రాయింగు అవుతుందని ఆయనకు నేర్పినవాళ్ళు లేరు.

చేతిపనుల చదువు ఎవరికి?

1937లో వార్ధాలో గాంధీ ప్రతిపాదించిన నయీ తాలీం చేతిపనిని చదువుకి కేంద్రం చేసింది. జాకీర్ హుస్సేన్ కమిటీ పాఠ్యప్రణాళికలో డ్రాయింగుకీ, సంగీతానికీ చోటిచ్చింది. పైకి చూస్తే ఇది శ్రమని గౌరవించే చదువు. మనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. తరతరాలుగా నేసినవాడి కొడుకు బడికి వచ్చేది మళ్ళీ రాట్నం తిప్పడానికా? కులవృత్తి ఎంపిక కాదనీ, పుట్టుకతో వేసిన కట్టడి అనీ అంబేడ్కర్ ఎన్నోసార్లు చెప్పాడు. కరణంగారబ్బాయి మట్టి తొక్కితే అది చదువు. కుమ్మరి పిల్లవాడు తొక్కితే పని. అదే బడి, అదే మట్టి, అర్థం వేరు. ఈ తేడాని చూడని ఏ కళావిద్య అయినా మనల్ని తిరిగి పాత చోటికే పంపుతుంది.

అందుకే పేటలో బొమ్మల క్లాసు అంటే 'మీ సంప్రదాయ కళ' నేర్పడం కాదు. పైడి పిల్లకి నేత డిజైనూ, సవర పిల్లకి గోడ బొమ్మా అని పంచిపెట్టడం ఇంకో రకం వర్ణధర్మం. ఏ పిల్ల అయినా ఏదైనా గీయగలగాలి. రాకెట్టు గీయాలనుకుంటే రాకెట్టే.

దారానికి వేలాడిన బొమ్మలు

సర్కారు బడిలో చిన్నపిల్లల బొమ్మకి ఒక్కసారి నిజంగా గౌరవం దొరికింది. ఆ ముచ్చట మరిచిపోకూడదు. బ్రిటిషు ప్రభుత్వ సాయంతో 1980లలో మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, అంటే మాస్టార్ల నోట ఏపీపెప్, ఆరు సూత్రాలు చెప్పింది. చేస్తూ నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం వాటిలో ఉన్నాయి. పిల్లలు చేసిన పనిని తరగతి గదిలో ప్రదర్శించాలన్నది మరో సూత్రం. ఆ రోజుల్లో ఉత్తరాంధ్రలో ఏ బడికి వెళ్ళినా గోడ నుంచి గోడకి పురికొస దారం, దానికి పిల్లల కాయితాలు వేలాడేవి. ట్రైనింగులో మాస్టార్లు నేలమీద కూర్చుని రంగుకాయితాలు కత్తిరించారు. కొందరు ఎగతాళి చేశారు. కొందరు మాత్రం ఆ దారాన్ని నిజంగా నమ్మారు.

1996లో డీపీఈపీ మొదటి విడతగా రాష్ట్రంలో అయిదు జిల్లాలను తీసుకున్నప్పుడు విజయనగరం వాటిలో ఒకటి. గదులు, సామాను, రిసోర్సు పర్సన్లు వచ్చారు. 2004లో సవర, కువి, కొండ వంటి ఎనిమిది భాషల్లో మాతృభాషా పాఠాలు మొదలయ్యాయి. సంత, సేద్యం, పండగ మొదటి పుస్తకంలోకి వచ్చాయి. సీతంపేట, పార్వతీపురం కొండల పిల్లలకు అది మేలు చేసింది. ఈ రెండూ 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. పేట పిల్లల భాష తెలుగే కాబట్టి వాళ్ళకు ఇలాంటి ఆలోచన ఎవరికీ తట్టలేదు. 'ఏటి', 'ఎవులు', 'సదువు' అనే భాష, ఆ భాష వెనకున్న ఇల్లు, పుస్తకం బయటే ఉండిపోయాయి.

తర్వాత చట్టం వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, వందమంది దాటిన బడుల్లో, కళావిద్యకి పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టరు ఉండాలంది. ఒకటి నుంచి అయిదు తరగతులకు ఆ మాట లేదు. అంటే పిల్ల చెయ్యి బాగా తెరుచుకునే వయసులో బొమ్మ నేర్పే మనిషి చట్టప్రకారమే లేడు. ఫీజు కట్టే బళ్ళో ఉంటాడు. డ్రాయింగు తిరిగి ఫీజు చదువయింది.

స్కిన్ కలర్

మళ్ళీ పేట క్లాసుకి వస్తాను. రెండో ఆదివారం నుంచి నల్లబల్ల మీద గీయడం మానేశాను. చిన్నపిల్లలు కళ్ళకి కనబడింది గీయరు, తమకి తెలిసింది గీస్తారని లోవెన్‌ఫెల్డ్ లాంటి వాళ్ళు ఎప్పుడో చెప్పారు. అయిదేళ్ళవాడు తలకే కాళ్ళు పెడతాడు. ఏడేళ్ళ పిల్ల గోడలోంచి లోపలి పొయ్యిని చూపిస్తుంది. ఇష్టమైన మేక ఇంటికన్నా పెద్దది. వీటిని తప్పులని దిద్దకూడదు. "ఇదేటి? చెప్పు" అని అడగాలి, అంతే. క్రేయాన్లు తక్కువ కనక ఇటికముక్క, బొగ్గు, పసుపు, చిక్కుడాకు పిండిన రసం వాడాం.

మొదటి రోజు జాలిగా చూసిన ఆ పిల్లే ఒకనాడు అమ్మ బొమ్మ వేస్తూ "మేస్టారూ, స్కిన్ కలర్ ఇయ్యండి" అంది. లేత గులాబీ క్రేయానుకి పిల్లలందరూ అదే పేరు పెట్టారు. ఇది ఒక్క మన దగ్గరే కాదు. అమెరికాలో క్రేయోలా కంపెనీ ఆ రంగుని చాలాకాలం 'ఫ్లెష్' అని అమ్మి, 1962లో 'పీచ్' అని పేరు మార్చింది. అక్కడ నల్లజాతి పౌరహక్కుల పోరాటం సాగుతున్న రోజులవి. మనకి అరవై ఏళ్ళు దాటినా ఇంకా మారలేదు. నేను వాదించలేదు. "మీ అమ్మ చెయ్యి పక్కన పెట్టి చూడు" అన్నాను. అమ్మ గుమ్మంలోనే ఉంది. పిల్ల క్రేయాను పట్టుకెళ్ళి అమ్మ చేతి మీద పెట్టి చూసింది. తిరిగొచ్చి ఇటికపొడిలో బొగ్గు కలిపింది. చాలదని మళ్ళీ వెళ్ళి చూసి, ఇంకాస్త బొగ్గు కలిపింది. నేను నేర్పింది ఏమీ లేదు.

కాయితం మీద పెట్టకు

ఈ క్లాసు అన్నిసార్లూ ఇంత చక్కగా నడవలేదు. ఒక ఆదివారం ఊరి పటం గీయించాను. ఒక కుర్రాడు చెరువు, గుడి, రెండు బావులు గీసి, ఏ బావి ఎవరిదో కులం పేర్లతో రాశాడు. కింద తన పేరూ రాసుకున్నాడు. సాయంత్రం వాళ్ళ తాత వచ్చాడు. "బావూ, నుయ్యి ఎవులిదో కాయితం మీద పెట్టించకు. రేపు ఎవులు సూసినా మాట పడాల్సింది మావే. లక్ష్మీపేట మరిసిపోనావేటి?" అన్నాడు.

మరిచిపోలేదు. 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితులను చంపారు. మద్దువలస జలాశయం కోసం తీసుకున్న భూముల్లో మిగిలిన నేలని ఎవరు దున్నాలన్నది తగువు. పిల్లవాడి పటం పిల్లవాడి పటంగా మిగలదని ఆ పెద్దాయనకి నాకన్నా బాగా తెలుసు. పేరు రాయమని ప్రతి వారం చెప్పిన నేను ఆ రోజు ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

ఆ రాత్రి నాకు ఫ్రీడల్ డికర్ బ్రాండీస్ గుర్తొచ్చింది. ఆమె బౌహౌస్‌లో చదువుకున్న చిత్రకారిణి. 1942 డిసెంబరులో నాజీలు ఆమెను తెరెజిన్ నిర్బంధ శిబిరానికి పంపారు. అక్కడ ఆమె పిల్లలకు రహస్యంగా డ్రాయింగు నేర్పింది. బొమ్మ కింద పేరు రాయమని పట్టుబట్టేది. అక్కడ పిల్లలు మనుషులుగా కాక నంబర్లుగా మిగిలిపోతున్నారు. 1944 అక్టోబరులో ఆమెను ఆష్‌విట్జ్‌కి తరలించి చంపారు. రెండు సూట్‌కేసుల్లో దాచిన సుమారు 4,500 బొమ్మలు మిగిలాయి. ఆ పిల్లల్లో ఎక్కువమంది మిగల్లేదు. ఫలానా పిల్ల ఈ భూమ్మీద ఉండేదని చెప్పడానికి చాలామంది విషయంలో ఆ సంతకమే సాక్ష్యం.

తెరెజిన్‌నీ మన పేటనీ సమానం చేయడం లేదు. పేరుకి రెండు మొహాలున్నాయని మాత్రం చెప్తున్నాను. పేరు లేకపోతే చరిత్రలో లేం. పేరు ఉంటే పట్టుబడతాం. గిడుగు గురువుకి జరిగింది మొదటిది. తాత భయపడింది రెండోది. ఈ రెంటిలో ఏది ఎప్పుడన్నది బొమ్మల మాస్టారు ఒక్కడూ తేల్చే సంగతి కాదు. మరుసటి వారం తాతనీ, కుర్రాణ్ణీ కూర్చోబెట్టి అడిగాను. పటం బళ్ళో వేలాడదీయకూడదనీ, చింపకూడదనీ తాతే తేల్చాడు. దాన్ని మడిచి రేషను కార్డు, పట్టా కాయితాలు ఉన్న ట్రంకుపెట్టెలో పెట్టాడు. పేరు మాత్రం చెరిపించలేదు.

టీచర్లకు, పేటల్లో చదువు కేంద్రాలు నడిపే కార్యకర్తలకు చెప్పేది ఇంతే. కొండలూ సూర్యుడూ నల్లబల్ల మీద గీయకండి. రంగుపెట్టె లేని పిల్లని వరండాలో నిలబెట్టకండి, బొగ్గు ఇవ్వండి. బహుమతుల పోటీ పెట్టకండి, దారం కట్టండి. ప్రతి బొమ్మ కిందా పిల్ల పేరు, ఊరు, తేదీ పిల్ల చేతనే రాయించండి. ఏది వేలాడదీయాలో, ఏది దాచాలో ఇంటివాళ్ళని అడగండి. ఒకటి నుంచి అయిదు తరగతులకు కళావిద్య టీచరు కావాలని సంఘాల తీర్మానాల్లో చేర్చండి. హాస్టలు మెస్ చార్జీలంత గట్టిగా అడగాల్సిన డిమాండు ఇది.

చివరి ఆదివారం మళ్ళీ "మీ ఇల్లు గీయండర్రా" అన్నాను. ఆ పిల్ల స్లాబు గది గీసింది. మీద ఆరేసిన చీర, గుమ్మంలో ఇటిక రంగు అమ్మ, పక్కన బోరింగు. కొండలు మాత్రం తియ్యలేదు. "మీ పేటలో కొండల్లేవు కదే" అన్నాను. "నాకు కావాల మేస్టారూ" అని కింద పేరు రాసింది.